చార్మినార్ కదిలిందా? పాఠకుల ప్రశ్నలు, జియాలజీ మేడమ్ జవాబులు

2024 డిసెంబరు 4న ములుగులో భూకంపం వచ్చాక అందిన ఉత్తరాల్లో మూడొంతులు దాని గురించే. ఒకాయన మాత్రం కిడ్నీలో రాళ్ల గురించి అడిగారు. రాళ్ల మేడమ్ అంటే అన్ని రాళ్లకూ అనుకున్నట్టున్నారు. ఆ ఉత్తరాన్ని డాక్టర్ గారి శీర్షికకి పంపించాను. మిగతావాటిలో ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి జవాబులు రాస్తున్నాను. నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరైన మనిషిని, జోస్యాలు చెప్పేదాన్ని కాదు. ఈ మాట ఎందుకంటున్నానో ఏడో ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

*

ఆ రోజు పొద్దున ఏడున్నరకి మా మూడో అంతస్తులో మంచం ఊగింది. ములుగులో భూకంపం అన్నారు. ప్లేట్ల అంచుల్లోనే భూకంపాలు వస్తాయని మా అబ్బాయి సోషల్ పుస్తకంలో ఉంది. ఆ అంచు హిమాలయాల దగ్గర ఉంటే ములుగులో ఎందుకొచ్చినట్టు?
— ఒక గృహిణి, ఎల్.బి. నగర్

మీ అబ్బాయి పుస్తకంలో ఉన్నది చాలావరకు నిజమేనమ్మా. ప్రపంచంలో వచ్చే భూకంపాల్లో అత్యధికం ప్లేట్ల అంచుల్లోనే వస్తాయి. భూమి పైభాగం దాదాపు వంద కిలోమీటర్ల మందాన గట్టి రాతిపెంకు. అది ఏడు పెద్ద ఫలకాలుగా, మరికొన్ని చిన్న ఫలకాలుగా విడిపోయి ఉంది. వాటినే ప్లేట్లు అంటున్నాం. మనం కూర్చున్నది ఇండియన్ ప్లేట్ మీద. అది ఉత్తరానికి జరుగుతూ యురేషియన్ ప్లేట్‌ని నెడుతోంది.

నెట్టేటప్పుడు ఒత్తిడి అంచు దగ్గరే ఆగిపోదు. ప్లేట్ అంతటికీ పాకుతుంది. రాయి గట్టిగా, అతుకు లేకుండా ఉన్నచోట ఓర్చుకుంటుంది. ఎక్కడైనా పాత పగులు ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. మన దగ్గర అలాంటి పాత పగుళ్లు బారుగా ఉన్న చోటు గోదావరి లోయ. ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్న రోజుల్లో, పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందట, అక్కడ నేల సాగి పగిలి రెండు పగుళ్ల వరసల మధ్య కుంగింది. ఆ పల్లంలో అడవులు పెరిగి, కూలి, మట్టి కింద పడి బొగ్గయ్యాయి. తెలంగాణలోని సింగరేణి గనులన్నీ ఆ కుంగిన పట్టీలోనే ఉన్నాయి. కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం పేర్లు మ్యాప్ మీద కలుపుతూ గీత గీయమనండి మీ అబ్బాయిని, లోయ ఎటు పోతోందో అతనికే తెలుస్తుంది. ములుగు ఆ పక్కనే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం కూడా ఈ లోయదే. అప్పుడూ హైదరాబాద్ ఊగింది.

మొన్నటిది 5.3. వచ్చింది ఉదయం 7 గంటల 27 నిమిషాలకి. ములుగు నుంచి ఇక్కడికి గీత గీసినట్టు కొలిస్తే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. భూకంపంలో ముందు బయల్దేరే అలలు రాతిలో సెకనుకి ఆరు కిలోమీటర్ల వేగంతో వస్తాయి. వాటికి అర నిమిషం పైన పట్టింది. చాలామందికి అవి తెలియనే తెలియవు. వెనక వచ్చేవి సెకనుకి మూడున్నర కిలోమీటర్లు నడుస్తాయి, నేలని అడ్డంగా ఊపేవి అవే. మీ మంచం ఊగేసరికి అక్కడ రాయి జారి నిమిషం అయిపోయింది.

లోపల నలభై కిలోమీటర్ల లోతున జారడం మన అదృష్టం. 1993 సెప్టెంబరు 30 గుర్తుందా? వినాయక నిమజ్జనం ముగించుకుని జనం పడుకున్న రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి కొద్ది నిమిషాల ముందు, లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చింది. అది కూడా మనకి రెండొందల కిలోమీటర్ల దూరమే, అది కూడా ప్లేట్ నడుమే. తీవ్రత 6.2. అంకె చూస్తే 5.3కీ 6.2కీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి 32 రెట్లు పెరుగుతుంది. ఆ ప్రకారం లాతూరుది ములుగు భూకంపానికి ఇరవై రెట్ల పైమాటే. పైగా తక్కువ లోతులో వచ్చింది. మట్టితో పేర్చిన రాతిగోడల ఇళ్లు, వాటి మీద బరువైన పైకప్పులు. దాదాపు 10,000 మంది పోయారు. అప్పటి ప్రభుత్వ భూకంప ప్రమాద మ్యాపుల్లో ఆ ప్రాంతం అన్నింటికన్నా భద్రమైన జోన్-1లో ఉండేది. 2002లో మ్యాప్ సవరించినప్పుడు జోన్-1 అనేదాన్నే తీసేశారు.

*

ప్లేట్లు కింద లావా మీద పడవల్లా తేలుతుంటాయట కదా? ఆ లావా వేడికే కదులుతాయా?
— ఇంటర్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

తేలేది లావా మీద కాదు బాబూ. యూట్యూబ్ బొమ్మల్లో ఎర్రగా సలసల కాగుతూ చూపిస్తారు, బావుంటుంది కాబట్టి. ప్లేట్ల కింద ఉన్న మాంటిల్ రాయే, ఘనపదార్థమే. ఎలా తెలుసంటావా? ఇందాక చెప్పాను చూడు, అడ్డంగా ఊపే రెండో రకం అలలు. అవి ద్రవంలో ప్రయాణించలేవు. మాంటిల్ గుండా మాత్రం చక్కగా వస్తున్నాయి. 2,900 కిలోమీటర్ల లోతులో బాహ్య కేంద్రకం మొదలయ్యే చోట ఆగిపోతున్నాయి. కరిగి ఉన్నది అక్కడ.

అయితే ఆ వేడికి, ఆ బరువుకి, మాంటిల్ రాయి ఘనంగా ఉంటూనే లక్షల ఏళ్ల మీద మెల్లగా పారుతుంది. ఇక ప్లేట్లని కదిలించేదాంట్లో పెద్ద వాటా లాగుడిది. సముద్రం అడుగున ఉన్న ప్లేట్ పాతబడి, చల్లబడి, బరువెక్కి, అగాధాల దగ్గర మాంటిల్ లోకి మునుగుతుంది. మునిగే ముక్క వెనకున్న ప్లేట్‌ని లాక్కుపోతుంది. సముద్రం నడిమధ్య పర్వతశ్రేణుల దగ్గర కొత్త పెంకు పుట్టి పక్కకి నెట్టేది కొంత.

ఖండాలు కదులుతాయని ఆల్ఫ్రెడ్ వెజినర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1912లోనే చెప్పాడు. సింగరేణి బొగ్గులో దొరికే ఆకుల శిలాజాలే ఆఫ్రికాలో, అంటార్కిటికాలో ఎలా దొరుకుతాయని అడిగినవాళ్లలో ఆయనొకడు. నడిపించే శక్తి ఏమిటో చెప్పలేకపోయాడని పెద్దలు కొట్టిపారేశారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో పోయాడు. సముద్రపు అడుగు విచ్చుకుంటోందని 1960ల్లో రుజువులు దొరికాకే లోకం ఒప్పుకుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చే మనిషి వెనక ఇంత కథ ఉంది.

*

హిమాలయాలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని చదివాను. ఎవరెస్ట్ ఇంకా పెరుగుతోందా? పెరుగుతూ పోతే ఎక్కడ ఆగుతుంది?
— డిగ్రీ విద్యార్థిని, నారాయణగూడ

మీ ఇంట్లో దేవుడి గూట్లో సాలగ్రామం ఉంటే తీసి చూడు తల్లీ. పెద్దవాళ్లని అడిగే తీయి, మళ్లీ నన్ను తిడతారు. నల్లగా, నున్నగా, లోపల చక్రంలా చుట్టలు చుట్టుకున్న గుర్తు ఉంటుంది. విష్ణుచక్రం అని పూజించే ఆ గుర్తు అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్లది. దాదాపు పదిహేను కోట్ల ఏళ్ల కిందటి ప్రాణి. డైనోసార్లతో పాటే అంతరించిపోయింది. సాలగ్రామాలు దొరికేది నేపాల్లో ముక్తినాథ్ వైపు, గండకీ నదిలో. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. (బజారులో చక్రం చెక్కి అమ్మేవీ ఉంటాయి. వాటి జోలికి నేను పోను, మా అత్తగారి ఊరి పూజారి గారితో ఒకసారి అయిన వాదన చాలు.)

ఆ జీవులు బతికిన సముద్రం పేరు టెథిస్. ఇండియాకీ ఆసియాకీ మధ్య ఉండేది. మడగాస్కర్ నుంచి ఇండియా విడిపోయింది సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట. ఆ తర్వాత ఉత్తరానికి పరుగు. ఒక దశలో ఏడాదికి పదిహేను సెంటీమీటర్లకి పైగా జరిగింది. ప్లేట్లకి అది జెట్ వేగం. మధ్యలో సముద్రపు అడుగు ఆసియా కిందికి మునుగుతూ పోయింది. ఐదు కోట్ల ఏళ్ల కిందట సముద్రం అయిపోయి ఖండానికి ఖండం తగిలింది.

ఇక్కడే అసలు సంగతి. సముద్రపు అడుగు బరువైన బసాల్ట్, కాబట్టి మునుగుతుంది. ఖండం రాయి తేలిక, మాంటిల్ లోకి మునగనంటుంది. రెండూ మునగనంటే ఏమవుతుంది? నలుగుతాయి, మడతలు పడతాయి, ముక్కలు ముక్కలుగా విరిగి ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి. సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రు, సున్నపురాయి అన్నీ ఆ నలుగుట్లో పైకి లేచాయి. ఎవరెస్ట్ శిఖరం మీద ఉన్నది సున్నపురాయే. నలభై అయిదు కోట్ల ఏళ్ల నాటి సముద్రపు ప్రాణుల ముక్కలు అందులో ఉన్నాయి. మీ వంటింట్లో సైంధవ లవణం ఉంటే దానిది ఇంకా పాత కథ. యాభై కోట్ల ఏళ్ల పైబడ్డ సముద్రం ఎండిపోయి మిగిల్చిన ఉప్పు అది. పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్‌రా గనుల దగ్గర ఇదే ఢీ కారణంగా కొండై పైకొచ్చింది. హిమాలయన్ సాల్ట్ అని పేరు పెట్టి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు, అసలు హిమాలయాల్లోది కాకపోయినా.

పెరుగుతోందా అంటే, అవును, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. అలా పెరుగుతూనే పోదు. ఒకపక్క మంచు, వాన, నదులు అరగదీస్తుంటాయి. గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చి బంగాళాఖాతంలో పోసే ఒండ్రులో హిమాలయాలే ఉన్నాయి. రెండోపక్క, కొండ బరువు పెరిగేకొద్దీ కింద వేడెక్కిన రాయి ఆ బరువు మోయలేక పక్కలకి సాగుతుంది. అందుకే భూమ్మీద పర్వతాల ఎత్తుకి ఒక హద్దు ఉంది.

కొండలన్నీ ఇలాగే పుట్టవు. దక్షిణ అమెరికా ఆండీస్‌లో సముద్రపు ప్లేట్ ఖండం కిందికి దూరుతోంది, అక్కడ అగ్నిపర్వతాలు కూడా ఉన్నాయి. హిమాలయాల్లో లేవు. పరీక్షకి ఆ తేడా రాసుకో.

*

హిమాలయాలు మెల్లగా పెరుగుతున్నప్పుడు భూకంపాలు మాత్రం, 2015లో నేపాల్లో, మొన్న ములుగులో వచ్చినట్టు, ఒక్కసారిగా ఎందుకొస్తాయి?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కూకట్‌పల్లి

ఇనప బీరువా జరిపారా ఎప్పుడైనా? నెడతాం, కదలదు. ఇంకా నెడతాం, కదలదు. చివరికి ఒక్క ఉదుటున జానెడు జరిగి గోడకి గుద్దుకుంటుంది. ప్లేట్ అంచు పగులు దగ్గర జరిగేదీ అంతే. హిమాలయాల కింద ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఇండియా దూరుతోంది. కానీ పైభాగంలో రెండు రాతి మొహాలు కరుచుకుని ఉంటాయి. వందేళ్లు కరుచుకుని ఉంటే రెండు మీటర్ల బాకీ. ఆ బాకీ సెకన్లలో తీరడమే భూకంపం.

2015 ఏప్రిల్ 25న నేపాల్లో అదే జరిగింది. 7.8. దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయారు. కాఠ్మాండూ నగరం నేల దాదాపు మీటరు పైకి లేచింది, మీటరున్నర పైగా దక్షిణానికి, అంటే మనవైపు జరిగింది. ఉత్తరాన కొన్ని మంచుకొండలు కాస్త కుంగాయి. కొండ పెరిగే విధానంలో ఇలాంటి కుదుపులూ ఉన్నాయి. ములుగుతో పోలిస్తే అది ఐదు వేల రెట్లకు పైగా శక్తి. మీ ఉత్తరంలో రెండింటినీ ఒకే వరసలో రాశారు, అందుకే ఈ అంకె చెబుతున్నాను.

*

మేడమ్, హైదరాబాద్ కూడా కదులుతోందా? మా టీచర్ అవునన్నారు, మా తాతయ్య కాదంటున్నారు.
— ఏడో తరగతి, శాలిబండ

మీ టీచరే రైటు నాన్నా. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ అని పెద్ద పరిశోధనా సంస్థ ఉంది, 1961లో పెట్టారు. అక్కడ ప్రపంచవ్యాప్త నెట్‌వర్క్‌కి చెందిన ఒక జీపీఎస్ స్టేషన్ ఉంది. ఫోన్లో ఉండే జీపీఎస్ లాంటిదే, కానీ మిల్లీమీటర్లు కొలిచేంత ఖచ్చితమైనది. దాని లెక్క ప్రకారం హైదరాబాద్ ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. చార్మినార్ కట్టింది 1591లో. ఇదే వేగం అనుకుని గుణించు. 22 మీటర్ల దాకా వస్తుంది. చార్మినార్ ఒక్కో పక్క కొలత 20 మీటర్లు. అంటే కట్టినప్పుడు ఉన్న చోటి నుంచి తన వెడల్పుకి కాస్త ఎక్కువే జరిగిపోయింది. మనకి తెలియకపోవడానికి కారణం, మక్కా మసీదూ, మూసీ, మీ ఇల్లూ, మీ తాతయ్య కుర్చీ కూడా దానితో పాటే జరగడం. తాతయ్యకి ఈ లెక్క నువ్వే చేసి చూపించు.

*

బంజారాహిల్స్, గోల్కొండ, మౌలాలి గుట్టల మీద ఆ బండలు ఒకదానిమీదొకటి ఎవరు పేర్చినట్టు? మన దగ్గరా అగ్నిపర్వతాలు ఉండేవా?
— ఆటోడ్రైవర్, మల్కాజిగిరి

ప్రతి ఏడూ మా పిల్లల్ని మౌలాలి గుట్ట ఎక్కించేదాన్ని. పైకి వెళ్లేదాకా రాళ్లు, దిగాక బిర్యానీ అనేది ఒప్పందం. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు నోటికి వచ్చేసింది.

ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు దీని ముందు నిన్న పుట్టిన పిల్లలు. అగ్నిపర్వతం కక్కిన రాయి కాదు. కరిగిన రాయి పైకి రాకుండా కిలోమీటర్ల లోతున నిదానంగా చల్లబడింది. అందుకే గింజలు పెద్దవిగా, గులాబీ, తెలుపు, నలుపు విడివిడిగా కనిపిస్తాయి. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి ఇది బయటపడింది. బయటపడేటప్పుడు బరువు తగ్గి నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలో నీరు చేరి మూలలు ముందు కుళ్లాయి. కుళ్లిన మట్టిని వానలు కడిగేశాక గుండ్రటి బండలు ఎక్కడివక్కడ మిగిలాయి. ఎవరూ పేర్చలేదు, మధ్యలో ఉన్న మట్టిని వానలు తీసేశాయంతే.

అగ్నిపర్వతపు రాయి కావాలంటే చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్లండి. అక్కడి నల్లరేగడి కింద ఉన్నది లావా గడ్డకట్టిన బసాల్ట్. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ అంతా పారిన లావా అంచు అది. మన ఊళ్లో బండలు చూడాలంటే మాత్రం త్వరపడండి. ప్లేట్లు కోట్ల ఏళ్లలో చేయలేనిది జేసీబీలు వారంలో చేస్తున్నాయి.

*

వచ్చే నెల హైదరాబాద్‌లో 7 తీవ్రతతో భూకంపం అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిద్ర పట్టడం లేదు.
— పేరు రాయవద్దన్నారు, మెహదీపట్నం

తేదీ చెప్పారంటే అది అబద్ధమమ్మా, డిలీట్ చేసి పడుకోండి. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత తీవ్రతతో వస్తుందని చెప్పగలవాళ్లు ఈ భూమ్మీద లేరు. చైనాలో 1975లో హైచెంగ్‌లో ముందే జనాన్ని ఇళ్లలోంచి పంపించి చాలామందిని కాపాడగలిగారు. అక్కడ ముందస్తు చిన్న ప్రకంపనలు వరసగా వచ్చాయి. ఆ మరుసటి ఏడే తాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరికేమీ లేకుండా వచ్చి 2,42,000 మందిని తీసుకుపోయింది, అది అక్కడి ప్రభుత్వ లెక్క.

చెప్పగలిగేది వేరే ఉంది. భూకంపం వచ్చాక సునామీ తీరానికి చేరేలోపు హెచ్చరించవచ్చు. సముద్రంలేని మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ 2007 నుంచి ఆ పని చేస్తోంది. అక్కడి సునామీ హెచ్చరిక కేంద్రం 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పెట్టింది.

*

మాది బోరబండ. 2020లో భూమిలోంచి పెద్ద శబ్దాలొచ్చి రాత్రిళ్లు రోడ్డు మీద కూర్చున్నాం. మళ్లీ వస్తుందా?

రావచ్చు. అవి చాలా చిన్న ప్రకంపనలు. ఒక మోస్తరు లోతులో కాదు, నేలకి బాగా దగ్గరగా వచ్చాయి కాబట్టే అంత చప్పుడు. భారీ వానల నీరు గ్రానైట్ పగుళ్లలోకి దిగి, లోపలి పీడనం పెంచి, పట్టు సడలిస్తే ఇలా జరుగుతుంది. టెన్షన్ పడకండి కానీ, గోడకి పగుళ్లుంటే మేస్త్రీకి చూపించండి.

*

నిజాంపేటలో ఫ్లాట్ కొంటున్నాం. హైదరాబాద్ సేఫ్ జోన్ అని బిల్డర్ అంటున్నాడు. నమ్మొచ్చా?
— సాఫ్ట్‌వేర్ దంపతులు

2002 మ్యాప్ ప్రకారం హైదరాబాద్ జోన్-2, అందులో అన్నింటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్. అంతవరకు ఆయన మాట నిజం. లాతూరు సంగతి పైన చదివారు కాబట్టి మిగతాది నేను చెప్పక్కర్లేదు.

నేనైతే మూడు చూస్తాను. మొదటిది, కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టిన అంతస్తు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటిది ఇదే నిర్మాణం. పైన గోడలతో బిగువుగా ఉంటుంది, కింద పిల్లర్లు ఒక్కటే ఊపు తట్టుకోవాలి. పార్కింగ్ వద్దని కాదు, ఆ పిల్లర్లని దానికి తగ్గట్టు డిజైన్ చేశారా అని స్ట్రక్చరల్ ఇంజనీరుని అడగాలి, బిల్డర్‌ని కాదు. రెండోది పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే రింగులు. వాటి కొసలు కొక్కెంలా లోపలి కాంక్రీటులోకి, 135 డిగ్రీలు వంచి ఉండాలి. ఊరికే మూలకి 90 డిగ్రీల మడత పెడితే ఊపుకి విచ్చుకుంటాయి. స్లాబ్ పడకముందు వెళ్తే కంటికే కనిపిస్తుంది. మూడోది నేల. గ్రానైట్ మీద ఇల్లు తక్కువ ఊగుతుంది, చెరువు పూడ్చిన మట్టి మీద ఎక్కువ ఊగుతుంది. ఆ చుట్టుపక్కల పాత చెరువులు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడి పాతకాపులని అడగండి, గూగుల్ కన్నా బాగా చెబుతారు.

ఊగుతున్నప్పుడు లిఫ్ట్ వైపు, మెట్ల వైపు పరుగెత్తకండి. గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోండి, ఊపు ఆగాక దిగండి.

*

రాళ్ల ముక్కలు పార్సిల్ చేసి 'ఇది ఉల్కేనా' అని అడుగుతున్నవారికి ఒక మనవి. పోస్టుమ్యాన్‌కి నడుం నొప్పి. ఫొటో పంపితే చాలు, పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. ఎక్కడ దొరికిందో ఊరి పేరు రాయండి. ఈ నెల వచ్చిన నాలుగింటిలో మూడు ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. నాలుగోది రోడ్డు తారు.